సుంకి ఘాట్ దిగే పాత కారుకు ఎంత ఖర్చు పెట్టొచ్చు?

మీటరు మీద 2,38,000 కిలోమీటర్లు ఉన్నాయి. 2011లో కొన్న చిన్న డీజిల్ కారు. ఒడిశా కొరాపుట్ జిల్లా జైపూర్‌లో నాది బట్టల కొట్టు. పదిహేను రోజులకోసారి సరుకు కోసం సుంకి ఘాట్ మీదుగా విజయనగరం దిగాలి, రాత్రికి మళ్లీ ఘాట్ ఎక్కి ఇల్లు చేరాలి. మొన్న వానాకాలం మొదట్లో కొరాపుట్ ఎక్కుతుంటే క్లచ్ జారడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను గోల పెరుగుతోంది గానీ బండి వేగం పెరగడం లేదు. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ అగరుబత్తి డబ్బా అట్ట చింపి దాని వెనక అంచనా రాసిచ్చాడు. క్లచ్ సెట్టు, లేబరుతో కలిపి 11,500. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల సర్వీసుకి 14,000. ముందు చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్ములు, కుదుపులు ఆపే షాకర్లు కలిపి 9,000. వెరసి 34,500.

ఆ అట్ట చూసి మా బావమరిది ఊరుకోలేదు. "ఏటి బావా, అమ్మితే లక్ష కూడా రాని బండికి ముప్పై అయిదు వేలా?"

పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, లెక్క మాత్రం తప్పు. అమ్మకపు ధర అనేది బండిని వదిలించుకునే రోజున నా చేతికొచ్చే డబ్బు. ఆ బండి నాకు రోజూ చేసిపెట్టే పనికి అది వెల కాదు. లక్ష రూపాయల కారైనా, పది లక్షల కారైనా విజయనగరం నుంచి మోసుకొచ్చే బట్టల మూటలు అవే. కాబట్టి రిపేరు ఖర్చును అమ్మకపు ధర పక్కన పెట్టి చూడకూడదు, ఈ బండి లేకపోతే దాని స్థానంలో పెట్టాల్సిన ఖర్చు పక్కన పెట్టి చూడాలి.

అదెంతో నేను కూర్చుని లెక్కేశాను. 7 లక్షల కొత్త కారు అనుకుందాం. లక్ష చేతి నుంచి పెట్టి, 6 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 12,450 పైచిలుకు. అయిదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే సుమారు 1,47,000. ఇక కారు విలువ. బీమా వాళ్లు వాడే తరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటి అయిదో ఏట ఉన్న బండికి 50 శాతం తీసేస్తారు, అంటే మూడున్నర లక్షలు ఆవిరి. రెండూ కలిపి అయిదు లక్షలకు కాస్త తక్కువ. అరవై నెలలకు పంచితే నెలకు 8,300 దాకా వస్తుంది. ఇందులో డీజిల్ లేదు, టైర్లు లేవు, కొత్త కారుకు కట్టే పెద్ద బీమా ప్రీమియమూ లేదు. ఊరికే ఇంటి ముందు నిలబెట్టినా పోయే డబ్బు ఇది.

నా పాత కారుకైతే ఒక నోటుబుక్కు ఉంది. అందులో గత మూడేళ్ల రిపేర్లు 22,000, 41,000, ఇప్పుడీ అంచనా 34,500. సగటున నెలకు 2,700. ఆయిల్ మార్చడం, టైర్లు, వైపర్లు ఈ లెక్కలో కలపలేదు. కొత్త కారుకైనా అవి తప్పవు కదా. మా వాళ్లలో చాలామంది పాత కారు ఖర్చులో పంక్చరు డబ్బులు కూడా కలిపేసి, కొత్త కారు ఖర్చులో ఈఎంఐ ఒక్కటే చూస్తారు. అలా చూస్తే ఎప్పుడూ కొత్తదే గెలుస్తుంది.

మధ్యదారిగా నాలుగు లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. కానీ నా బండి జబ్బులు నాకు తెలుసు, దాని జబ్బులు అమ్మేవాడికి తెలుసు.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడి ఉంది. క్లచ్ వేయించిన నెలకే ఇంజను చేతులెత్తేస్తే నా 2,700 సగటు గాలికి పోతుంది. అందుకే చిన్న రిపేరు చేయించే ముందు పెద్దవి బతికి ఉన్నాయో లేదో చూడాలి. మా మెకానిక్ అమ్మానాన్నలు ఒకరు ఒడియా, ఒకరు తెలుగు. రెండు భాషల్లోనూ మొహమాటం లేకుండా మాట్లాడతాడు. "ముందు కంప్రెషన్ చూద్దామండి బాబూ. అది బాగుంటేనే క్లచ్. లేకపోతే ఈ అట్ట నాకిచ్చేయండి, పొయ్యిలో పెట్టేస్తాను" అన్నాడు.

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోంది అన్నది. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. కాబట్టి ఆ నొక్కుడు తగ్గిందంటే ఇంజను ఆయుష్షు తగ్గినట్టే. ఇంజను వేడిగా ఉండగానే, చలిలో స్టార్టయ్యేందుకు సిలిండర్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గులు ఒక్కొక్కటే ఊడదీసి, ఆ రంధ్రంలో గేజి బిగించి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ముల్లు నాలుగైదు కుదుపుల్లో పైకి లేచి ఆగింది. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. మొదటి సిలిండర్ 27 బార్, రెండోది 26, మూడోది 27, నాలుగోది 24. డీజిల్‌కి మామూలుగా పాతిక, ముప్పై బార్ల మధ్య ఉంటే మంచిది. పెట్రోల్‌కైతే పది నుంచి పదమూడు చాలు. అంకె కన్నా ముఖ్యమైంది సిలిండర్ల మధ్య తేడా. అది పదీ పదిహేను శాతం లోపు ఉంటే అన్నీ సమంగా అరుగుతున్నట్టు. ఒకటే బాగా పడిపోతే అక్కడ పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, గాలీ పొగా వచ్చిపోయే తలుపుల్లాంటి వాల్వులో, ఇంజను పైభాగం హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్టో పోయినట్టు. నా నాలుగోది కాస్త నీరసంగా ఉంది గానీ గీత దాటలేదు.

పెట్రోల్ కారుంటే ఇంకో చిన్న కిటుకుంది. కంప్రెషన్ తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, ఎందుకంటే ఆయిల్ కాసేపు ఆ సందుల్ని మూస్తుంది. పెరగకపోతే తప్పు పైన వాల్వుల దగ్గరుంది. రింగులంటే ఇంజను మొత్తం విప్పాలి, వాల్వులంటే హెడ్ దించితే సరిపోతుంది. రెండింటి బిల్లుకీ చాలా తేడా ఉంటుంది.

గేజి లేని ఊళ్లో కూడా కొంత తెలుసుకోవచ్చు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు. పొగబండిలా గుప్పుగుప్పుమని ఊదుతుంటే రింగుల పక్క నుంచి గ్యాసు కిందికి దిగుతోందన్న మాట. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలడం లేదు, ఇది చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్‌తోనో ఇంజెక్టర్‌తోనో తీరిపోతుంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్టును అనుమానించాలి. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలుస్తున్నట్టే. డీజిల్ కారులో ఆయిల్ మార్చిన రెండో రోజే నల్లబడిందని మాత్రం గాభరా పడకండి. అది మసి, దాన్ని పట్టి ఉంచడమే ఆయిల్ పని.

ఇంజెక్టర్ల సంగతి కూడా ఇలాగే తేలింది. నాలుగూ విప్పి పంపే ముందు ఏది పాడైందో చూడమన్నాను. నాలుగింటి రిటర్న్ గొట్టాలకు నాలుగు ఖాళీ దగ్గుమందు సీసాలు కట్టి ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంజెక్టర్ వాడుకోకుండా వెనక్కి వదిలే డీజిల్ ఆ సీసాల్లో పడుతుంది. అయిదు నిమిషాల్లో మూడు సీసాలు పావువంతు కూడా నిండలేదు, నాలుగోది మెడ దాకా వచ్చింది. అదొక్కటే లోపల అరిగిపోయింది. 14,000 అన్నది 4,500కి దిగింది. చెక్ చేయకుండా "సెట్టు మార్చేద్దాం" అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ నాలుగు సీసాలు గుర్తొస్తాయి.

ఇంకో విషయం కారు మాన్యువల్లో చూసుకోవాలి. వాల్వుల్ని పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపించేది మీ ఇంజనులో టైమింగ్ బెల్టు ఉందా, చైను ఉందా? చైను సాధారణంగా చాలాకాలం వస్తుంది, అరిగితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమని ముందే చెబుతుంది. రబ్బరు బెల్టు చెప్పదు. డీజిల్ ఇంజనులో నడుస్తుండగా అది తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వుల్ని గుద్దుతాయి, అక్కడితో ఇంజను సరి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి బెల్టు మార్చిన బిల్లు చేతిలో లేకపోతే, మార్చలేదనే అనుకుని మార్పించేయడం నయం.

ఇప్పటిదాకా చెప్పింది జేబు లెక్క. మన కొండల్లో జేబుతో సంబంధం లేని లెక్క ఒకటుంది, నాకది సుంకి ఘాట్‌లో తెలిసొచ్చింది. మూడేళ్ల కింద, ఎండాకాలం మధ్యాహ్నం, కారులో నలుగురం, డిక్కీ నిండా సామాను. పొట్టంగి దాటాక దిగుడు మొదలైంది. ముందొక లారీ వెళ్తోంది, దాని వెనక బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగుతున్నాను. సగం దిగేసరికి మాడిన వాసన వచ్చింది. లారీదే అనుకున్నాను. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి పోయింది. రెండో గేరులోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగి, కొండ వైపు మట్టిలోకి తిప్పి ఆపాను. అరగంట కూర్చున్నాక పెడల్ మళ్లీ మామూలుగా అయింది. అంతసేపూ మా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

జరిగింది చాలా మామూలు భౌతికశాస్త్రం. మనుషులు, సామానుతో కలిపి 1,400 కిలోల బండి ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడు వదిలే శక్తి నాలుగు లీటర్ల చన్నీళ్లను మరుగు దాకా తెచ్చేంత ఉంటుంది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల పైన ఉంది, సాలూరు కొండ అడుగున ఉంది. ఆ దిగుడు వేడిలో ఎక్కువ భాగం డిస్కుల మీదే పడేశాను. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3, డాట్ 4 అనేవి ఆ ఆయిల్‌లో రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. నా బండిలో అప్పటికి ఆ ఆయిల్ ఆరేళ్లుగా మార్చలేదు. అది మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ తొక్కినప్పుడు నలిగేది ఆ బుడగలే, ప్యాడ్లకు ఒత్తిడి అందదు. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చడానికి అయ్యేది కొన్ని వందలు. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కార్లలో నేను అడిగిన సగం మంది దాన్ని ఒక్కసారి కూడా మార్చలేదు.

డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్లకు ఒక మాట. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ కాలపు ఇంజన్లలో ఇంధనం సరఫరా పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను తనంత తాను నడవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఆదా అన్నది తలకిందులు. ఇంజను ఆపేసి దిగేవాళ్లకి నాలుగైదు తొక్కులకే బ్రేకు సాయం పోతుంది, పవర్ స్టీరింగు రాయిలా బిగుస్తుంది.

ఎక్కేటప్పుడు గండం వేరు. సాలూరు నుంచి పైకి తక్కువ వేగంలో, ఎక్కువ బరువుతో ఎక్కుతుంటే రేడియేటర్‌కి తగినంత గాలి తగలదు. దారిలో కుళాయి నీళ్లు పోస్తూ పోతే లోపల సున్నం, తుప్పు పేరుకుంటాయి. పాత కారులో నేను ముందు జాగ్రత్తగా మార్చేవి ఇవే: రేడియేటర్ హోసులు, ఇంజను వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే థర్మోస్టాట్, రేడియేటర్ మూత. మూత అంటే నవ్వుతారు గానీ, ఒత్తిడి నిలిపి ఉంచి కూలెంట్‌ని వంద డిగ్రీల దగ్గర మరగనివ్వకుండా ఆపేది అదే. ఒక్కసారి ముల్లు ఎర్రగీత దాటాక "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని నడిపితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. పాత కార్లు తుక్కుకి పోయేది చాలాసార్లు వయసైపోయి కాదు, ఈ రెండు కిలోమీటర్ల వల్లే.

బ్రేకు, స్టీరింగు, టైర్లు, ముందు చక్రాల కీళ్లయిన బాల్ జాయింట్లు. వీటికి "చేయించాలా వద్దా" అన్న ప్రశ్నే లేదు. చేయించగలిగితే బండి నడపాలి, లేకపోతే ఆపేయాలి. టైరుకి అరుగుదల ఒక్కటే చూడకండి, పక్కన చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదైపోతుంది.

ఇక నిజంగా కారును చంపేది తుప్పు. ఇంజను మార్చొచ్చు, గేరుబాక్సు మార్చొచ్చు, బాడీ మార్చలేం. మా కొరాపుట్ వైపు వానలు గట్టిగా పడతాయి, ఎర్రమట్టి కిందంతా అంటుకుని తడిగానే ఉండిపోతుంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి ఇంకా దారుణం. కార్పెట్ ఎత్తి ఫ్లోరు, జాకీ పెట్టే చోటు, బానెట్ కింద షాకర్లు పైన బిగించే గిన్నెలు చూడాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతోందంటే అక్కడితో ఆపేయడం మంచిది. డోరు అంచు తుప్పు మాత్రం అందం సమస్యే.

విడిభాగాల విషయంలో మాకు జైపూర్‌లో దొరకనిది విశాఖ ఆటోనగర్ నుంచి బస్సు పార్సిల్లో వస్తుంది. డూప్లికేటు అన్నిటికీ చెడ్డది కాదు. అద్దం, డోరు హ్యాండిల్, లైటు డూప్లికేటైనా సరే. బ్రేక్ ప్యాడ్లు, టైమింగ్ సామాను, క్లచ్ బేరింగు మాత్రం వద్దు. బేరింగు ధర కొంచెమే, దాన్ని మార్చడానికి గేరుబాక్సు దించే లేబరే ఎక్కువ. లేబరు ఒకటే అయినప్పుడు చవక సామాను వేయడం రెండుసార్లు లేబరు కట్టడమే. నేను ఈసారి క్లచ్ ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటు, బేరింగు కూడా మార్పించింది ఆ లెక్కతోనే.

సరిహద్దులో ఉన్నవాళ్లకు కాగితాల చిక్కు కూడా ఉంది, అది రిపేరు లెక్కను నేరుగా తాకుతుంది. సొంత వాడకం కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 అయింది, గడువు దాటితే నెలకు 500 అదనం. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. పదేళ్లు దాటిన డీజిల్ కార్లు నడపకూడదన్న నియమం వచ్చింది ఢిల్లీ పరిసరాలకే, కొరాపుట్‌కో పార్వతీపురానికో అది లేదు. ఈ రెండూ కలిపేసి భయపడి అమ్ముకున్నవాళ్లను నేను చూశాను. నా కారు గడువు 2026 కాబట్టి ఆ ఖర్చునూ ముందే లెక్కలో వేసుకున్నాను.

చుట్టాల దగ్గర విజయనగరం నంబరు ఏపీ-35 కారు చవగ్గా వస్తుందని తెచ్చుకుని, కొరాపుట్ నంబరు ఓడీ-10 ఇలాకాలో తిప్పడం మా దగ్గర బాగా అలవాటు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) కావాలి, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాలి. సాలూరులో చవగ్గా దొరికిన కారు జైపూర్ చేరేసరికి అంత చవక కాదు. పాత కారు అమ్మేటప్పుడూ ఇదే తిరకాసు, అందుకే అటువైపు బేరగాళ్లు మన నంబరు చూసి ధర తగ్గిస్తారు.

తుక్కుకిచ్చే ఉద్దేశం ఉంటే పాత ఇనుము బండివాడికి తాళాలు ఇచ్చేయకండి. ఆర్‌సీ రద్దు కాకపోతే ఆ నంబరుతో ఏం జరిగినా మీ పేరే వస్తుంది. 2021లో వచ్చిన కేంద్ర విధానం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రంలో ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు. తుక్కు విలువ కొత్త కారు షోరూం ధరలో 4 నుంచి 6 శాతం ఉంటుందని అప్పుడు చెప్పారు. ఆ సర్టిఫికెట్‌తో కొత్త కారు కొంటే రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి వీలుంది.

చివరికి మా మెకానిక్ అట్ట మీద కొట్టివేతలన్నీ పోగా 25,000 తేలింది. క్లచ్, ఒక ఇంజెక్టర్, లోయర్ ఆర్ములు, షాకర్లు. ఏసీ చల్లగా రావడం లేదని కూడా చెప్పాడు గానీ, మా ఊరి చలికి అది వచ్చే వేసవి దాకా ఆగుతుంది.

నోటుబుక్కు మొదటి పేజీలో ఈ బండిని ఎప్పుడు వదిలేయాలో కూడా ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. రోడ్డు మధ్యలో ఆగిన రోజు బుర్ర పనిచెయ్యదు కదా. కంప్రెషన్ ఏ సిలిండర్‌లోనైనా 20కి పడినా, ఫ్లోరులోకి స్క్రూడ్రైవర్ దిగినా, ఏడాదిలో రెండుసార్లు ఘాట్‌లో ఆగిపోయినా అమ్మేస్తాను. బావమరిది అది చదివి, కింద ఇంకో లైను తన చేతిరాతతో కలిపాడు: "అమ్మ ఈ కారెక్కనంటే."